కొలువులో చచ్చిన దిబ్బరొట్టె

ఏ రాజ్యమో పేరు చెప్పను. చెబితే అక్కడి వంటవాళ్లు గరిటెలు పట్టుకుని నా మీదికొస్తారు. సముద్రం ఒడ్డున, కొబ్బరితోటల మధ్య చల్లగా ఉండే ఒకానొక రాజ్యం అనుకోండి, చాలు. దాన్ని ప్రచండవర్మ అనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాదు, న్యాయం తప్పేవాడూ కాదు. కాకపోతే తన గొప్ప తాను చెప్పుకోనిదే ఆయనకు పూట గడిచేది కాదు. అందులోనూ తన వంటశాల అంటే మహా గర్వం.

ఆ గర్వం కొద్దీ ఒక ఆచారం పెట్టాడు. పరాయి దేశం నుంచి వచ్చి అక్కడ కాపురం ఉండదలచినవాళ్లు కొన్నాళ్లు ఊరంతా తిరిగి, రుచులన్నీ చూసి, ఆ తర్వాత కొలువుకు రావాలి. అక్కడ రాజుగారి పరమాన్నం వడ్డిస్తారు. "మా రాజ్యంలో అన్నిటికన్నా రుచైనది ఏది?" అని రాజు అడుగుతాడు. "ఏలినవారి పరమాన్నమే" అని వాళ్లు చేతులు జోడిస్తారు. రాజముద్ర పడుతుంది, కాపురం నిలబడుతుంది. బుద్ధి ఉన్నవాడెవడూ వేరే జవాబు చెప్పిన పాపాన పోలేదు.

వానలు లేక బీడుపడిన మెట్టదేశం నుంచి తిప్పన్న, అతని భార్య ఓబులమ్మ ఆ రాజ్యానికి వలస వచ్చారు. కోటగోడ పక్కనే ఉన్న రేవువీధిలో, పేరమ్మ అనే ముసలమ్మ ఇంటి పంచలో దిగారు.

జొన్నసంకటి తప్ప ఎరగని తిప్పన్నకు ఆ ఊరి తిండి చూసి మతిపోయింది. తాటిముంజెలు తిన్నాడు. పనసపొట్టు కూర తిన్నాడు. నిన్నటి చేపలపులుసు ఇవాళ ఇంకా బాగుంటుందని తెలుసుకుని చట్టి అడుగు కూడా వదల్లేదు. పూతరేకు దగ్గర మాత్రం పరువు పోయింది. దాన్ని చేతికిస్తే, పైన చుట్టిన పొరలు కాబోలనుకుని ఒక్కొక్కటే ఒలిచి కింద పడేసి, "ఇందులో మిఠాయి ఏదండీ?" అని అడిగాడు. వీధంతా పడీపడీ నవ్వింది. ఆ కబురు కోటదాకా పాకింది.

పేరమ్మ దిబ్బరొట్టె వేసేది. మినప్పిండి మూకుట్లో మందంగా పోసి, మూతపెట్టి, సన్నసెగ మీద తీరిగ్గా కాల్చేది. అడుగు ఎర్రగా కరకరలాడుతుంటే లోపల మెత్తగా ఉండేది. తుంచితే పొగలొచ్చేవి. ఆ ముక్కను చెరకు పానకంలో అద్దుకుని తింటే, చెప్పడం దేనికి, నాకే ఇప్పుడు నోరూరుతోంది.

కరువులో ఆకలే చచ్చిపోయిన ఓబులమ్మ మొదటిసారి ఆ రొట్టె తిని, "ఇంకో ముక్క ఉందా అవ్వా?" అని అడిగింది. పెళ్లాం నోట ఆ మాట విని ఎన్నాళ్లయిందో. తిప్పన్నకు కళ్లనీళ్లు తిరిగాయి. ఇక ఈ ఊరు వదిలేది లేదని అక్కడే అనుకున్నాడు.

కొలువు నుంచి పిలుపొచ్చిన రోజు ఓబులమ్మ, "పరమాన్నం అని చెప్పేసి వచ్చెయ్యి. నీ తెలివితేటలు అక్కడ చూపించొద్దు, నీకు దండం పెడతా" అంది. అలాగేనని తిప్పన్న తలపాగా చుట్టుకుని వెళ్లాడు.

రాజు అతణ్ని చూడగానే, "పూతరేకు ఒలిచిన పెద్దమనిషివి నువ్వేనా?" అన్నాడు. కొలువంతా గొల్లుమంది. తిప్పన్న కూడా నవ్వేశాడు. ఇంతలో వెండిగిన్నెలో పరమాన్నం వచ్చింది. చల్లారి ముద్దకట్టి, పైన మీగడ అట్టలా పేరుకుని ఉంది.

"చెప్పు, మా రాజ్యంలో అన్నిటికన్నా రుచైనది ఏది?"

తిప్పన్న పరమాన్నం అనే అందామనుకున్నాడు. కానీ నోట్లో ఆ చల్లటి ముద్ద, మనసులో పొయ్యి మీది రొట్టె. నోరు జారింది. "రేవువీధి పేరమ్మవ్వ దిబ్బరొట్టె, ప్రభూ" అనేశాడు.

రాజు మీసం అదిరింది. "నా వంటశాల కన్నా రేవువీధి రొట్టె గొప్పదా? పట్టుకురా, చూద్దాం. అది నువ్వన్నట్టు లేకపోతే నువ్వూ నీ భార్యా పొలిమేర దాటాలి. ఆ ముసలిదాని పొయ్యిలో నీళ్లు పోయిస్తాను."

తిప్పన్న పరుగున వెళ్లి, మూకుట్లోంచి అప్పుడే దించిన రొట్టెను అరిటాకులో పెట్టుకుని పరుగున వచ్చాడు. వాసనకు కోట కావలివాడు గుటకలు మింగాడు.

కానీ రాజభోజనం అంటే ఆషామాషీనా? వెనకెప్పుడో రాజుగారి ముత్తాతకు ఎవరో విషం పెట్టారట. అప్పటినుంచీ రాజు తినే ప్రతిదాన్నీ ముందు రుచిచూసేవాడు కొరకాలి. రాజవైద్యుడు వాడి నాడి పట్టుకుని కూచోవాలి. వాడు బతికే ఉన్నాడని నమ్మకం కుదిరాక వైద్యుడు తలూపాలి. అది చూసి మంత్రి తలూపాలి. అంతసేపూ రొట్టె, భటులు బోర్లించిన మూతకింద చెమటపట్టి కూచుంది.

చివరకు రాజు కొరికాడు. లాగాడు. మళ్లీ లాగాడు. "ఇది రొట్టెనా, చెప్పుతోలా?" అని ఆకు పక్కకు తోసేశాడు. "వీణ్ని పొలిమేర దాటించండి."

ఓబులమ్మ మొహం తిప్పన్న కళ్లముందు మెదిలింది. చేతులు జోడించాడు. "వెళతాను ప్రభూ. వెళ్లేముందు ఒక ఫిర్యాదు. తమ కొలువులో హత్య జరిగింది."

రాజు ఉలిక్కిపడ్డాడు. "ఎవరు చచ్చారు?"

"ఈ దిబ్బరొట్టె. కోట గుమ్మం దాటేటప్పుడు ప్రాణాలతోనే ఉంది. కావలివాడే సాక్షి."

కావలివాణ్ని పిలిచారు. "నిజమే ప్రభూ. పొగలు కక్కుతూ వచ్చింది. నాకు నోరూరింది" అన్నాడు వాడు.

"చంపిందెవరు?" అని రాజు గద్దించాడు. ఫిర్యాదంటూ వచ్చాక విచారించకుండా వదిలే మనిషి కాడాయన.

"నేను కొంచెం కొరికానంతే" అన్నాడు రుచిచూసేవాడు. "నేను రొట్టెను ముట్టనే లేదు, వీడి నాడి పట్టుకున్నాను" అన్నాడు వైద్యుడు. "నేను వైద్యుడి కోసం ఆగాను. అది తమ ఆజ్ఞ కదా" అన్నాడు మంత్రి. ఆ మాట అనేశాక మంత్రి నాలిక కరుచుకున్నాడు.

"అంటే నేనా హంతకుణ్ని?" అన్నాడు రాజు.

"అంతమాట నేనంటానా ప్రభూ? బతికున్నప్పుడు ఎలా ఉండేదో చూడకుండా తీర్పు చెబితే మాత్రం తమ న్యాయానికి మచ్చ."

న్యాయం అనేసరికి రాజు సింహాసనం దిగాడు. వైద్యుడు, మంత్రి, కత్తులు దూసిన భటులు వెంటరాగా పల్లకీ రేవువీధికి కదిలింది. రాజు తన వీధిలోకి రావడం చూసి పేరమ్మ కంగారుపడలేదు. "మూత తీయడానికి ఇంకాస్త ఆగాలి బాబూ, కూచోండి" అని పీట వాల్చింది.

రొట్టె దిగగానే వైద్యుడు అడ్డం రాబోయాడు. తిప్పన్న దాన్ని రెండుగా తుంచాడు. "సగం నాది, సగం తమది. విషమైతే ఇద్దరం కలిసే పోదాం ప్రభూ. దారిపొడుగునా నన్ను తిట్టుకోవచ్చు."

రాజు పెద్ద ముక్క ఒకటి అమాంతం నోట్లో వేసుకున్నాడు. మరుక్షణం కళ్లు ఎర్రబడ్డాయి, నోరు తెరుచుకుంది, మాట రాలేదు. "విషం, విషం" అని వైద్యుడు కేకపెట్టాడు. కత్తులన్నీ తిప్పన్న మెడమీదికి వచ్చాయి. గడపలో నిలబడ్డ ఓబులమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.

పేరమ్మ మాత్రం నీళ్లచెంబు అందిస్తూ, "ఊదుకుని తినాలయ్యా" అంది.

రాజు నీళ్లు తాగి, ఊపిరి తీసుకుని, "ఊదుకోవడమంటే?" అని అడిగాడు.

వీధంతా నోరెళ్లబెట్టింది. పాపం, పుట్టి బుద్ధెరిగాక ఆయన వేడిది తింటే కదా. తిప్పన్న బుగ్గలు పూరించి తన ముక్క మీద ఊది చూపించాడు. ప్రచండవర్మ మహారాజు కూడా మీసాలెగిరేలా ఊది, పానకంలో అద్దుకుని, కరకరమని నమిలాడు. ఇంకో ముక్క కోసం చెయ్యి చాచాడు. భటులు కత్తులు దించారు.

తిప్పన్న మెల్లిగా అన్నాడు. "పూతరేకు ఒలిచానని కొలువంతా నన్ను చూసి నవ్వింది, నవ్వాల్సిందే. నేనీ దేశానికి కొత్త. కానీ ప్రభూ, నేను కొన్నాళ్ల క్రితమైనా వచ్చాను. తమరు ఇవాళే వచ్చారు. ఆచారం ప్రకారం కొత్తవాళ్లను ఒక ప్రశ్న అడగాలి. ఈ రాజ్యంలో అన్నిటికన్నా రుచైనది ఏది?"

రాజు తిప్పన్న వంక చూశాడు, చేతిలోని ముక్క వంక చూశాడు. ఫక్కున నవ్వాడు. నవ్వుతుంటే పొట్ట అదిరి పీట కదిలింది. "పేరమ్మ దిబ్బరొట్టె. హత్య చేసింది నేనే, ఒప్పుకుంటున్నాను. ముద్ర వేయండయ్యా, ఈ ఆలుమగలు ఇక ఈ ఊరివాళ్లు."

అంతటితో ఆగకుండా తిప్పన్నకు రేవువీధిలో ఇల్లు ఇచ్చాడు. తనకు రాజ్యం చూపించే కొలువు కూడా ఇచ్చాడు. ఓబులమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, "అవ్వా, నాకొక ముక్క మిగిల్చారా?" అంది.

పల్లకీ ఎక్కబోతూ రాజు తిప్పన్న చెవిలో, "రేపు ఎక్కడికి?" అని అడిగాడు.

"పూతరేకుల వీధికి ప్రభూ. కానీ ఒక్క మనవి. అక్కడ ఊదకండి, ఎగిరిపోతాయి. నాలాగా ఒలవనూ వద్దు."