ముళ్లకంపలో తులసి

కేశవులు పెంచుతున్న తులసి ఎండిపోతోంది.

ఆర్నెల్లుగా చీకటితోనే లేచి, తలస్నానం చేసి, దానికి నీళ్లు పోస్తున్నాడు. ఎవరూ తాకకుండా చుట్టూ ముళ్లకంప నాటాడు. ఒక్క ఆకు తుంచనివ్వలేదు. అయినా ఆకులు చిన్నబోయాయి. కాడలు పుల్లల్లా గట్టిపడ్డాయి. కొసల నిండా గింజకట్టిన వెన్నులే. కొండమీది మంచు రోజూ ఆ మొక్క మీదుగా మెల్లగా జారిపోయేది. ఆ మంచులో నిలబడి కేశవులు, ఇది ఎవరి పాపమా అని ఆలోచించేవాడు.

ఎవరిదో తేల్చుకున్నాక, ఆశ్రమానికి గురువైన ఈరమ్మవ్వ దగ్గరికి వెళ్లాడు.

"అవ్వా, వంటచేసే ఓబులమ్మ ముట్టు రోజుల్లో కూడా పెరడంతా తిరుగుతోంది. ఆమె నీడకే మొక్క మాడింది. పంపించెయ్యి."

ఆశ్రమంలో అట్లాంటి నియమం ఎప్పుడూ లేదు. కేశవులే ఇంటినుంచి బట్టలతోపాటు మూటగట్టుకొచ్చాడు. ఓబులమ్మ మొగుడి దెబ్బలు తప్ప ఏమీ తెచ్చుకోలేదు. ఇక్కణ్ణుంచి పొమ్మంటే పోవడానికి ఆమెకు ఇంకో గడప లేదు.

అవ్వ వంటింటివైపు తిరిగి, "ఓబులూ" అని పిలిచింది.

ఓబులమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఆ కంప తీసి, తులసి కొసలన్నీ తుంచుకురా. కషాయం కాయాల."

"నాకియాల రెండో రోజవ్వా." ఓబులమ్మ గొంతు తగ్గించింది.

"చేతులకు కూడానా?"

ఓబులమ్మకు నవ్వొచ్చింది. కేశవుల్ని చూసి కొంగు అడ్డం పెట్టుకుంది.

"చచ్చిపోతుందవ్వా," అన్నాడతను.

"చస్తే ఓబులు పోతుంది. పదైదు రోజులు చూద్దాం. బతికితే ఎవరు పోవాల?"

ఓబులమ్మ కంప తీసి, ఒక్కో వెన్నూ తుంచింది. ఆ వాసన మంచులో కలిసి కొండంతా తిరిగింది. మిరియాలు, బెల్లం వేసి కాచిన కషాయం అందరూ తాగారు, ఒక్క కేశవులు తప్ప.

నాలుగో రోజుకు మొక్క మోడులా నిలబడింది. ఓబులమ్మ తన రెండు చీరలూ మడిచి మూట కట్టుకుంది. ఎనిమిదో రోజు తుంచిన ప్రతిచోటా రెండేసి పచ్చటి చుక్కలు కనిపించాయి. పదిహేనో రోజు పొద్దున తులసి ఎంత గుబురుగా ఉందంటే, కొండ దిగే మంచు దాన్ని దాటలేక అందులోనే నిద్రపోయినట్టుంది.

కేశవులు చాలాసేపు చూశాడు. తర్వాత, ఎప్పుడూ రాని వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఎక్కడ తుంచాలమ్మా?"

"నాకంటే పెద్దోడివి, అమ్మా అంటావేందన్నా? జంటాకుల పైన, గోటితో తుంచు. పీకొద్దు."

కేశవులు దోసెడు తుంచి అవ్వ ముందుకు తెచ్చాడు.

"నేను పోవాలా అవ్వా?"

అవ్వ ఆకులు తీసుకోలేదు. అతని చెయ్యి పట్టుకుని, కళ్లు మూసుకుని వాసన చూసింది.

"పోవాల," అంది. "పొయ్యి కాడికి. ఈ పూట ఓబులు కూచోని తాగుతుంది."