పైడితల్లి రొమ్ము మీద ఇత్తడి రేకు

రెండువేల పదకొండు, మామిడికాయలు ముదిరే కాలం. అనగనగా ఓ కంచరివాళ్ళ ఊళ్ళో సోమలింగం అని ఒకడుండేవాడు, చిన్నా. సొట్టపోయిన బిందె పొద్దున ఇస్తే సాయంత్రానికి నున్నగా చేసి ఇచ్చేవాడు. వాడి కూతురు పైడితల్లికి తొమ్మిదేళ్ళు.

ఆ పిల్లకి రొమ్ము మధ్య గుంట. వెల్లకిలా పడుకుంటే అందులో గుప్పెడు నీళ్ళు నిలిచేవి. పుట్టినప్పుడు చిన్నదే. పిల్లతో పాటు అదీ పెరిగింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. బడేమో మేడ మీద. ఇంక బడి మాన్పించేశారు.

అప్పుడు ఊరు ఎవర్ని తిట్టింది? తల్లి అప్పలనర్సమ్మని. కడుపుతో ఉండగా గ్రహణం నాడు కత్తిపీట ముట్టిందట. అప్పలనర్సమ్మ ఆ రోజు మంచం దిగలేదు. దిగి ముట్టినా, బిడ్డ ఎముక ఎందుకు వంగుతుంది, నువ్వే చెప్పు. అత్తగారు కోడలి చేత ఏడాది పాటు శాంతులు చేయించింది. పిల్లని ఒక్కరూ చూడలేదు.

ఆ తర్వాత నాటువైద్యుడొచ్చాడు. గాలి పట్టిందని గుంట చుట్టూ మూడు వాతలు పెట్టాడు. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే, "ఏడవనీ, ఊపిరి తెరుచుకుంటుంది" అన్నాడు కిళ్ళీ నములుతూ. ఆ నోరు నాకు దొరకలేదు గానీ.

ఆ తర్వాత కన్నతండ్రే. గుంటకి సరిగ్గా సరిపోయేలా ఇత్తడి రేకు కొట్టి, మెరుగుపెట్టి, గుడ్డతో బిగించి కట్టాడు. పైన గౌను వేస్తే ఏమీ కనబడదు. "బిందె చిల్లికి మాటేసినట్టు వేశాను" అని మురిసిపోయాడు. కింద పిల్లకి ఊపిరాడటం లేదు. ఆ కట్టూ ఏడాది.

అప్పుడు ఓ రోజు నూతి దగ్గర పిల్ల సొమ్మసిల్లింది. అప్పలనర్సమ్మ ఎవర్నీ అడగలేదు. రేకు పీకి అవతల పారేసి, పిల్లని భుజాన వేసుకుని పట్నం బస్సెక్కింది. సోమలింగం వెనకాలే పరిగెత్తాడు.

డాక్టరమ్మ ఫోటోలు తీయించి చూసింది. "పక్కటెముకల కొసన మెత్తని ఎముక వంకరగా పెరిగి, రొమ్ము ఎముకని లోపలికి నెట్టింది. గుండె పక్కకి ఒరిగింది. ఇది ఎవరి తప్పూ కాదమ్మా."

"ఆ ఒక్క మాట మా అత్తగారితో అనండమ్మా" అని అప్పలనర్సమ్మ ఫోన్ కలిపి చేతికిచ్చింది.

ఆ మాట ఫోన్లో అన్నాక డాక్టరమ్మ మిగతాది చెప్పింది. "గుంట తక్కువైతే కసరత్తులతో, గాలి పీల్చి ఎముకని పైకి లాగే గిన్నెతో చూస్తాం. ఈ పిల్లకి ఆపరేషనే. ఎముక కింద వంచిన కడ్డీ దూర్చి పైకి లేపుతాం. మూడేళ్ళు ఉంచి తీసేస్తాం."

"లోపల్నించి లేపుతారా?" అన్నాడు సోమలింగం.

"ఊరి బిందెలకి నువ్వు చేసేదీ అదే కదయ్యా. నీ కూతురికేమో మూతపెట్టావు" అంది అప్పలనర్సమ్మ.

కడ్డీ పెట్టారు, పిల్లని మళ్ళీ బడిలో వేశారు, మూడేళ్ళకి కడ్డీ తీశారు. పిల్ల మెట్లెక్కుతోంది.

కథేమో కంచి దారి పట్టింది,
కంటికేమో కునుకు పట్టింది.

పైడితల్లి ఈడు పిల్లలు పదో తరగతిలో ఉన్నారు. అది ఏడో తరగతిలో కూర్చుంది.