పాయసం మరక కండువా

ఇలా వచ్చి నా పక్కన పడుకోవే చిన్నీ. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. పొద్దున్న ఆ పక్కింటావిడ "పెద్దయ్యాక ఏమవుతావే?" అని అడిగితే మూతి ముడుచుకుని లోపలికి పారిపోయావుగా, అందుకని ఇవాళ నీకు నూకరత్నం కథ చెప్తాను. మధ్యమధ్య ఊ కొట్టాలి మరి. కొట్టకపోతే ఆపేస్తాను, నా సంగతి నీకు తెలుసుగా.

అనగనగా గాలి ఎక్కువా, జనం తక్కువా ఉండే ఒక ఊరు. పేరు గాలిలంక. ఇటు గోదారి పాయ, అటు సముద్రం, మధ్యలో ఊరు. ఎటునుంచి వచ్చినా గాలి ఆ ఊరి మీంచే పోవాలి. పెరట్లో ఆరేసిన చీర పొరుగూళ్ళో దొరికేదిట! అందుకని ఆ ఊళ్ళో ఎవరూ పందిరి వేసేవారు కాదు. పెళ్ళయినా పేరంటమైనా ఇరుకింట్లో ఒకళ్ళ మోచెయ్యి ఒకళ్ళకి తగులుతూ, చెమటలు కక్కుకుంటూ కానిచ్చేసేవారు.

ఆ ఊళ్ళో గంగరాజు అని ఒక దర్జీ ఉండేవాడు. ఆయన భార్య మహలక్ష్మి పూలు కట్టి అమ్మేది. వాళ్ళకి లేకలేక ఒక ఆడపిల్ల పుట్టింది. నూకరత్నం అని పేరు పెట్టుకున్నారు.

అప్పుడు ఆ పిల్లకి అన్నప్రాశన చేశారు. అన్నప్రాశన అంటే తెలుసుగా? పిల్లకి మొదటిసారి పాయసం నాకించి, ఎదురుగా పళ్ళెంలో రకరకాల వస్తువులు పెట్టి వదుల్తారు. ఏది పట్టుకుంటే పెద్దయ్యాక ఆ పనిలో పైకొస్తుందని అందరికీ సంబరం. మహలక్ష్మి వాళ్ళ నాన్న, అంటే పిల్లకి తాత, అరుగు మీద పిల్లల్ని కూచోబెట్టుకుని చదువు చెప్పేవాడు. ఆయన ఒక పుస్తకం పెట్టాడు. మహలక్ష్మి పూలదండ పెట్టింది. గంగరాజు మొన అరిగిపోయిన పాత కత్తెర పెట్టాడు.

పాయసం తినిపించేది మేనమామేగా. ఆ మేనమామ పేరు బుల్లియ్య. ఊళ్ళో కిరాణా కొట్టు ఆయనదే. ఆ రోజు కోసమని కొత్త కండువా కొనుక్కుని, మడత నలక్కుండా భుజం మీద వేసుకుని బిర్రబిగుసుకుని కూచున్నాడు. పిల్ల ఏం చేసిందో తెలుసా? పాయసం మూతితోనే గబగబా పాకుతూ, మామ కండువా పట్టుకుని ఒక్క లాగు లాగింది. అది కాస్తా వచ్చి పళ్ళెం మీదా, పిల్ల మీదా పడింది. పిల్ల దాని కిందకి దూరి కూచుంది. లోపల్నుంచి ఒకటే కిలకిలలు.

కండువా తీసి చూస్తే ఏముంది! పుస్తకానికి పాయసం అంటింది. దండ ఒళ్ళో ఉంది. కత్తెర మోకాలి కింద ఉంది.

"పుస్తకమే పట్టుకుంది" అన్నాడు తాత. "కాదు నాన్నా, పూలు" అంది మహలక్ష్మి. "మీకేమైనా కళ్ళు పోయాయా? కత్తెర!" అన్నాడు గంగరాజు. ముగ్గురూ అన్నాలు చల్లారిపోయేదాకా వాదించుకున్నారు. బుల్లియ్య మామకి ఆ గొడవేం పట్టలేదు. "అయ్యయ్యో, నా కొత్త కండువా! ఈ మరక పోతుందంటారా?" అని ఒకటే ఏడుపు. ఆ మరక పోలేదు. ఆయన దెప్పడమూ మానలేదు.

ఊ కొట్టవేం? ఆఁ, అదీ.

ఆ తర్వాత నూకరత్నం పెరిగింది. దాని సంగతేమిటంటే, ఏది చేసినా పెద్దది చేసేది. ముగ్గు మొదలెడితే పక్కింటి గుమ్మం దాకా పోయేది. ఇసకలో గూడు కడితే ఊళ్ళో పిల్లలంతా అందులో కూచునేవారు. "ఇంత పెద్దదెందుకే?" అని అడిగితే, కళ్ళు చక్రాల్లా చేసుకుని "అందరం పట్టొద్దూ?" అనేది.

ఓణీలేసే వయసొచ్చాక, ముందు తాత తీసుకెళ్ళాడు. "చిన్నపిల్లలకి అక్షరాలు నేర్పవే" అన్నాడు. నూకరత్నం అరుగు చూసింది. అందరూ పట్టరనిపించింది. అప్పుడు పిల్లల్ని ఏటి ఒడ్డుకి తోలుకెళ్ళి, ఇసకలో ఇంటంత అక్షరాలు గీసి, వాటి మీద పరిగెత్తించింది. పిల్లలకి ఎంత సరదా వేసిందనుకున్నావు! ఇంతలో గాలి వచ్చి 'అ' నుంచి 'అః' దాకా ఊడ్చుకుపోయింది. పిల్లలు తలనిండా ఇసకతో ఇళ్ళకి చేరేసరికి తల్లులంతా తాత మీదకి దెబ్బలాటకొచ్చారు. తాత దణ్ణం పెట్టి పిల్లని వెనక్కి పంపేశాడు.

ఆ తర్వాత తల్లి పూలల్లో కూచోబెట్టింది. అరటినారతో ముడి వెయ్యడం నేర్పింది. లాగితే బిగుసుకోవాలి, కావాలంటే ఊడాలి, ఆ ముడి నూకరత్నం వేళ్ళకి ఇట్టే వచ్చేసింది. అప్పుడు ఒక పెళ్ళికూతురికి జడకి దండ కట్టమన్నారు. ఇది కట్టింది, కట్టింది, వెనకాల నడిచే ఆడపిల్లలందరి జడలకీ కలిపి ఒకటే దండ కట్టేసింది! ఊరేగింపు బయల్దేరింది. చూడ్డానికి ముచ్చటగానే ఉందమ్మా. చివర్న ఉన్న పిల్లకి తుమ్మొచ్చింది. అది "హాచ్చి" అని వంగేసరికి ముందున్న తలలన్నీ, పెళ్ళికూతురి తలతో సహా, వెనక్కి వాలిపోయాయి. నవ్వకు, పాపం నూకరత్నాన్ని ఆ పెళ్ళికూతురి తల్లి ఎంత తిట్టిందో!

ఆ తర్వాత తండ్రి కుట్టుమిషన్ దగ్గర కూచోబెట్టాడు. మునసబుగారి చొక్కా కుట్టమన్నాడు. ఆయనకి ఇద్దరు మనవలు. ఎండలో వాళ్ళు కూడా దూరొచ్చని నూకరత్నం డేరాలాంటి చొక్కా కుట్టింది. మునసబుగారు అది తొడుక్కుని వీధిలోకొచ్చారో లేదో, చొక్కాలోకి గాలి దూరింది. పొట్ట బూరెలా పొంగింది. ఆయన వద్దు వద్దంటున్నా కాళ్ళు వాటంతటవే పరిగెడుతున్నాయి! ఏట్లో పడకుండా నలుగురు పట్టుకుని ఆపారు.

ఊరంతా నవ్వుతోంటే నూకరత్నం మాత్రం తలొంచుకోలేదు. ఆ చొక్కా వంకే చూస్తూ, "గాలికి బయటికి పోయే దారి లేదు, అందుకే మనిషిని మోసుకుపోయింది" అనుకుంది. ఆ ముక్క గుర్తు పెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

అప్పుడు ఇంట్లో అందరూ తలలు పట్టుకున్నారు. బుల్లియ్య మామ అన్నాడు, "ఇంక లాభం లేదు. మా మంగతాయారు పెళ్ళయిపోగానే దీన్ని నా కొట్టులో కూచోబెట్టండి. బెల్లం తూస్తే బెల్లం బెల్లంలాగే ఉంటుంది, ఊరంత అవదు." మంగతాయారు అంటే ఆయన కూతురే.

నూకరత్నం వెళ్ళి ఆ కొట్టు చూసొచ్చింది. చీకటి గుయ్యారం. కిటికీ కూడా లేదు. చెయ్యి చాపితే ఇటు గోడ, అటు గోడ. జన్మంతా అందులోనేనా అని ఏడుపొచ్చింది. ఇంటికొచ్చి తల్లి ఒళ్ళో తల పెట్టుకుని, "అమ్మా, నాలో ఏమైనా లోపం ఉందా?" అని అడిగింది.

మహలక్ష్మి దాని తల నిమిరి, "లోపం కాదే పిచ్చిదానా, నీలో ఎక్కువే ఉంది. అది ఎక్కడ పెట్టాలో మాకే తెలీడంలేదు" అని తనూ కళ్ళు తుడుచుకుంది.

ఇంతలో మంగతాయారు పెళ్ళి దగ్గర పడింది. మంచి ఎండాకాలం. మగపెళ్ళివారు "పందిరి లేని పెళ్ళికి మావాళ్ళు పీటల మీద కూచోరు" అని కబురు పెట్టారు. బుల్లియ్య మామ పై ఊరి నుంచి మనుషుల్ని పిలిపించి తాటాకు పందిరి వేయించాడు. ఇలా వేసి అలా దిగారు. గాలి ఒక్క ఊపు ఊపింది. పందిరికి పందిరీ లేచి వెళ్ళి కాలవలో పడింది. దాని నీడన బాతులు హాయిగా ఈత కొట్టుకున్నాయి.

బుల్లియ్య మామ వాకిట్లో కూలబడిపోయాడు. "రేపే పెళ్ళి. నా పిల్ల పెళ్ళి ఆగిపోతుందిరా దేవుడా" అని నెత్తి కొట్టుకున్నాడు.

అప్పుడు నూకరత్నం ముందుకొచ్చింది. "మామయ్యా, పందిరి నేను వేస్తాను."

"చాల్లేవే! మునసబుగారిని ఏట్లోకి తోలింది చాలదూ?"

"ఎగిరిపోతే ఆ పూటే వచ్చి నీ కొట్టులో కూచుంటాను, జన్మలో నోరెత్తను. నిలబడితే మాత్రం నన్ను కొట్టులో కూచోమని ఎవరూ అనకూడదు."

మామకి మాత్రం వేరే దారేముంది? సరేనన్నాడు.

అప్పుడు నూకరత్నం జాలర్ల దగ్గరికి వెళ్ళి పాత వలలు అడిగి తెచ్చింది. వెదురు గడలు పాతించి, వాటి మీద వల పరిపించింది. వలంతా కన్నాలేగా, గాలి దానిలోంచి దర్జాగా పోతుంది. మరి నీడో? తండ్రి కొట్టులో మూట కట్టి పడేసిన గుడ్డ పీలికలన్నీ పట్టుకొచ్చింది. ఒక్కో పీలికనీ ఒక కొస దగ్గరే పూవు కట్టినట్టు వలకి ముడేసింది, గాలొస్తే లేచి దారివ్వాలని. ఆ పక్కన ఒకటి, దాని పక్కన ఇంకోటి, ఒత్తుగా, ఆకుల్లాగా. ఒక్కత్తె వల్ల అయ్యే పనా అది? తాత అరుగు మీది పిల్లలంతా పరిగెత్తుకొచ్చారు. అందరికీ ఆ ముడి నేర్పింది. తీరిక లేకుండా ముడులే ముడులు.

మూట అయిపోయింది. అప్పుడు ఊళ్ళోవాళ్ళు ఇళ్ళల్లోంచి చిరుగు చీరలూ, పాత పంచెలూ తెచ్చారు. మునసబుగారు కూడా ఆ చొక్కాయే తెచ్చిచ్చారు! పందిరి ఊరంతటి బట్టలతో రంగురంగులుగా నిండింది. సరిగ్గా పెళ్ళిపీటల పైన ఒక్క చోటే ఖాళీ మిగిలింది. గుడ్డ చూస్తే ఎక్కడా లేదు. అందరూ బుల్లియ్య మామ భుజం మీద, మరక కనపడకుండా మడిచి వేసుకున్న ఆ పాత కండువా వంక చూశారు.

"ఇదా?" అని కండువా రెండు చేతుల్తో పట్టుకున్నాడు మామ. "పిల్ల పెళ్ళిలో కండువా లేకుండా నిలబడనా?" అని కాసేపు గునిశాడు. తర్వాత కూతురి మొహం చూసి, తీసిచ్చేశాడు.

మర్నాడు మగపెళ్ళివారు దిగారు. పందిట్లో కూచున్నారు. జీలకర్రా బెల్లం పెట్టే వేళకి, అప్పుడొచ్చిందమ్మా గాలి! హోరుమంటూ వచ్చింది. గంగరాజు కళ్ళు మూసుకున్నాడు. మహలక్ష్మి కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. నూకరత్నానికి ఆ చీకటి కొట్టే కళ్ళముందు కనపడింది.

పందిరి ఒక్కసారి కిందకి వంగింది. మళ్ళీ పైకి లేచింది. పీలికలన్నీ రెపరెపలాడాయి. గాలి ఆ కన్నాల్లోంచి అటు దూరి ఇటు పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. పందిరి ఉన్నచోటే ఉంది! కింద కూచున్నవాళ్ళకి చల్లగా విసనకర్ర విసిరినట్టే ఉంది. "అదుగో నా పెళ్ళినాటి రవిక!" అని ఒకావిడ, "అది మా ఆయన పంచె!" అని ఇంకొకావిడ, పైకి చూపించి ఒకటే కేరింతలు. పెళ్ళికొడుకు తాళి కట్టడం మానేసి పైకి చూస్తోంటే పంతులుగారు గట్టిగా దగ్గాల్సొచ్చింది.

బుల్లియ్య మామ కూడా పైకి చూశాడు. నడిమధ్యన తన కండువా. దాని మీద పాయసం మరక. దాని కిందే ఊరంతా కూచుని నవ్వుతున్నారు. ఆయన చూసి చూసి, "ఒరేయ్ బావా!" అని గావుకేక పెట్టాడు. మంగళవాయిద్యాలు కూడా ఆగిపోయాయి.

"పుస్తకమా, పూలా, కత్తెరా అని ఇన్నేళ్ళూ కొట్టుకు చచ్చారు కదరా! అది పట్టుకుంది నా కండువా! పళ్ళెంలో వాటిల్లో ఒక్కటీ పట్టుకోలేదు. కండువా లాక్కుని, అన్నిటి మీదా కప్పుకుని, అది ఆ రోజే పందిరేసుకుని కూచుంది. నేను మరక చూసుకున్నాను, మీరు పళ్ళెం చూసుకున్నారు. పిల్లని ఎవరం చూడలేదురా!"

తాత చేతికర్ర కింద పెట్టి చప్పట్లు కొట్టాడు. మహలక్ష్మి నవ్వుతూనే ఏడ్చేసింది. నూకరత్నం పందిరంతా ఒకసారి తేరిపార చూసి, "ఇంకా నలుగురు పడతారే" అంది.

ఆ తర్వాత లంకల్లో ఎక్కడ శుభకార్యమైనా నూకరత్నానికే కబురు. ఒక పందిరిలా ఇంకోటి వేసేది కాదు. ఒకచోట నెమలిపింఛంలా వేస్తే, ఇంకోచోట చేపల గుంపులా వేసేది. వేసిన ప్రతిసారీ ముందు దానికంటే కాస్త పెద్దదే వేసేది. బుల్లియ్య మామ తన కొట్టుకి కిటికీ పెట్టించుకున్నాడు. కండువా మళ్ళీ తీసుకుని ఎక్కడికెళ్ళినా ఆ మరక పైకి కనపడేట్టు వేసుకునేవాడు, చూశావా మనిషి!

ఏమిటే? నువ్వేం పట్టుకున్నావనా? నువ్వు పళ్ళెం పట్టుకున్నావు. సామాను కింద పోసేసి, దాన్ని బోర్లించి, రెండు చేతుల్తో దరువేశావు. మీ నాన్నేమో పెన్ను ముట్టుకుందంటాడు, మీ అమ్మేమో చిల్లర ముట్టుకుందంటుంది. వాళ్ళని వాదించుకోనీ, మనకేం?

"దరువేసే పని ఉంటుందా అమ్మమ్మా" అంటావా? గాలిలంకలో పందిరి వేసే పని ఉండేదిటే, నూకరత్నం వెయ్యకముందు? రేపు ఆ పక్కింటావిడ మళ్ళీ అడిగితే, "ఇంకా దరువేసి చూస్తున్నానండీ" అని చెప్పు. ఇప్పుడు మాత్రం చేతులు దుప్పట్లో పెట్టుకో.

గాలి పోయె ఏటికి, గువ్వ పోయె గూటికి,
మరక కండువా మామకి, మంచి పందిరి ఊరికి,
కథ నడిచె కంచికి, మనం చేరాం మంచానికి,
నిద్దరమ్మా రావమ్మా, నా చిన్నిదాని కంటికి!