ఐదు ముడుల తాడు

ఆ కబురు విన్నప్పటినుంచి నాగుల్ మీరాకు అన్నం సయించడం మానేసింది. పూటకు మూడు ముద్దలకు దిగిపోయాడు. అంతకుముందు ఎన్ని తినేవాడో చెప్పడం కష్టం. అతను విస్తరి ముందు కూర్చున్నాడంటే వంట చేసే జాన్‌బీ ఇంకో పొయ్యి కూడా వెలిగించేది.

కబురు ఇదీ. ఏడు కోసుల దూరాన, ఉప్పుకొటార్ల పక్కన ఒక చిన్న దర్గా ఉంది. అక్కడ దీపం పెట్టే పెద్దాయన పోయి ఆరునెలలైంది. ఉప్పు పనివాళ్లు పదిమంది గుట్టెక్కి వచ్చి, దీపం పెట్టడానికి, జ్వరమొచ్చిన పిల్లల నెత్తిన చెయ్యిపెట్టి నాలుగు మంచిమాటలు చెప్పడానికి ఒక మనిషిని పంపమని బురాను తాతను అడిగారు. తాత తలెత్తకుండానే, మీరాను పంపుతానన్నాడు.

బురాను తాత ఆ గుట్టమీది దర్గాకు పెద్ద. ఆయన వయసెంతో ఎవరికీ తెలియదు. గుట్టకింద ఊళ్లో నూట ఇరవై అంటారు, పక్కూళ్లో నూట నలభై అంటారు, రైల్వే స్టేషన్ దాటితే రెండొందలు. మాట మాత్రం బహు తక్కువ. ఆయన నోట ఒక మాట రావాలంటే రోళ్లు పగిలే ఎండల్లో వాన కురిసినంత పని.

మీరా దూదేకులవాళ్ల పిల్లవాడు. పరుపులు కుట్టుకు బతికే ఇల్లు. నాలుగేళ్ల కిందట శిష్యుడిగా గుట్టెక్కి వచ్చినప్పుడు తాత తన మంచం పక్కనే చాప వేయించాడు. రెండో ఏడు ఆ చాప వసారాలోకి వెళ్లింది. మూడో ఏడు బావి పక్క పాకలోకి వెళ్లింది. ఇప్పుడు ఏకంగా ఏడు కోసులు. దగ్గరికి లాగుతాడనుకుని వస్తే తాత తనను దూరం దూరంగా జరుపుతున్నాడు, అదే మీరాకు మింగుడుపడటం లేదు.

మూడోరోజు పొద్దున ధైర్యం చేసి అడిగేశాడు.

"నేనేం తప్పు చేశాను తాతా?"

తాత చేతిలో గంప ఉంది. గంపలో పదమూడు కోడిపిల్లలు ఉన్నాయి, నిన్న గుడ్డు పగిలినవి. తల్లికోడిని అడవిపిల్లి ఎత్తుకుపోయింది. వాటి అరుపులకు ఏడూళ్ల పసిపిల్లలూ నిద్ర లేచి ఉంటారు.

తాత గంపను మీరా చేతుల్లో పెట్టాడు.

"వీటికి దీపం అక్కర్లేనిరోజు వెళ్దువుగాని," అన్నాడు.

అవి మామూలు పిల్లలు కావు. కడుపు పండాలని ఆడవాళ్లు ఆ గుట్టకు గుడ్డు మొక్కుకుంటారు. మొక్కిన గుడ్డును తినరు, పొదిగిస్తారు. పుట్టిన పిల్లను దర్గాలోనే పెంచి, ఈకలు వచ్చాక మొక్కిన మనిషి చేతికిస్తారు. పదమూడు పిల్లలంటే, గుట్టవైపు చూస్తూ పదముగ్గురు ఎదురుచూస్తున్నట్టు.

మీరా ఆ పూటే పనిలో దిగాడు. ఆపిల్ పళ్లొచ్చే చెక్కపెట్టె ఒకటి తెచ్చాడు. దూదేకులవాడి చెయ్యి ఊరుకోదు కదా, వింటికి తాడు బిగించి కొత్త పత్తి ఏకాడు. ఏకి ఏకి, మబ్బును కోసి పరిచినట్టు పెట్టె నిండా పరిచాడు. నవాబులకు కూడా అటువంటి పరుపు దొరికి ఉండదు. పైన వెచ్చదనానికి దీపంగా వంద క్యాండిళ్ల బల్బు వేలాడదీసి, పిల్లల్ని అందులో వదిలి, తృప్తిగా చూసుకున్నాడు.

మర్నాడు పొద్దునకల్లా పత్తిపోగులు పిల్లల కాళ్లకు ఉచ్చుల్లా బిగిశాయి. బయటికి రాలేనివి కొన్ని, రాబోయి పడిపోయినవి కొన్ని. మిగతావన్నీ పెట్టె మూలకు చేరి ఒకదానిమీద ఒకటి ఎక్కాయి. అన్నిటికంటే అడుగున ఉన్నది ఊపిరాడక చనిపోయింది.

ఎవరి మొక్కో.

మీరా దాన్ని అరచేతిలో పెట్టుకుని నిలబడిపోయాడు. పత్తి పువ్వు బరువు కూడా లేదు. తాత వచ్చి చూసి, కత్తెరకోసం లోపలికి వెళ్లాడు. జాన్‌బీ మాత్రం ఊరుకోలేదు. జాన్‌బీ గొంతు విప్పిందంటే సముద్రంలో చేపలు ఒడ్డుకొచ్చి విని పోతాయి. కోడిపిల్లను నేలమీద పెంచుతారుగానీ పెళ్లిమంచం మీద కాదురా అబ్బాయ్, అని మొదలుపెట్టి, వాళ్ల ముత్తవ్వ మూడువేల కోళ్లను ఉత్త గంపకింద పెంచిన సంగతిదాకా వెళ్లింది.

ఆమె మాట్లాడుతూ ఉండగానే తాత పని మొదలుపెట్టాడు. చిన్న కత్తెరతో ఒక్కో పిల్ల కాలి పోగులు తెంపాడు. పెట్టెను అవతల పెట్టించి, వసారాలో వెదురు తడికను గుండ్రంగా వంచి కట్టాడు. మూల అన్నది లేకుండా చేశాడు. నేలమీద ఊక పోసి, పైన పాత గోనె పరిచాడు. అడుగు చిల్లిపడిన సత్తుగిన్నెను గొడుగులా బోర్లించి, ఆ చిల్లిలోంచి బల్బు దించాడు. మట్టిమూకుడులో నీళ్లు పోసి, పిల్లలు పడి మునగకుండా గులకరాళ్లు వేశాడు. తాగడం అలవాటయ్యేలా ఒక్కో పిల్ల ముక్కును నీళ్లలో ముంచి తీశాడు. అలా పన్నెండుసార్లు, తొందర లేకుండా.

ఆఖరున బల్బు వేలాడే తాడుకు ఐదు ముడులు వేసి, బల్బు పిల్లలకు బాగా దగ్గరగా ఉండేలా మొదటి ముడి దగ్గర దూలం మేకుకు తగిలించాడు.

"వారానికో ముడి పైకి," అన్నాడు.

మొదటి వారం బాగా గడిచింది. పిల్లలు దీపం కింద తిరిగి, నూకలు తిని, అలిసి ఎక్కడివక్కడ పడి నిద్రపోయేవి. ఎనిమిదోరోజు పొద్దున తాత వచ్చి ఒక ముడి పైకి మార్చాడు. పిల్లలు కాసేపు కీచుకీచుమన్నాయి.

ఆ అరుపు మీరాకు గుండెల్లో గుచ్చుకుంది. బయట పుష్యమాసపు మంచు. నాలుగు ముడులు, నాలుగు వారాలు. ఆ తర్వాత ఉప్పుకొటార్లు. ఎంత చలో, పాపం, అనుకున్నాడు. తాత అటు వెళ్లగానే బల్బును కిందికి దించి, తాడును మళ్లీ మొదటి ముడి దగ్గర తగిలించాడు.

రెండోవారమూ అంతే. తాత పైకి ఎత్తేవాడు, మీరా కిందికి దించేవాడు. పిల్లలకోసమేనని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ మాట రోజుకు వందసార్లు చెప్పుకోవలసి వచ్చేది.

మూడువారాలు దాటినా పిల్లల వీపుల మీద ఈకలు సరిగా మొలవలేదు. వేడికి చిరాకెత్తి ఒకదాని తోక ఒకటి పొడుచుకోవడం మొదలుపెట్టాయి. గోధుమరంగు పిల్ల ఒకదాని తోక దగ్గర నెత్తురు చిమ్మింది. మీరా పసుపు అద్దాడు గానీ తాడు మాత్రం ముట్టుకోలేదు.

జాన్‌బీ తడిక దగ్గర నిలబడి దూలంవైపు చూసింది.

"పిల్లలు ఎదగట్లేదు గానీ తాడు ఎదుగుతోందిరా మీరా. పొద్దునకీ సాయంత్రానికీ జానెడు."

మీరాకు చెవులు కాలాయి. తాతకు చెబుతుందేమోనని రెండురోజులు ఆమెకు నీళ్లు తోడిపెట్టాడు, కట్టెలు కొట్టిపెట్టాడు. ఆమె చెప్పిందో లేదో తెలియదు. కట్టెలు మాత్రం కొట్టించుకుంది, మనవడి పెళ్లికి కూడా సరిపడా.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం మీరా వసారాలో కూర్చుని పాత పరుపు గుడ్డకు మాసికలు వేస్తున్నాడు. తాత లోపల్నుంచి నిప్పుల కుంపటి పట్టుకొచ్చి అతని పక్కన పెట్టాడు. మళ్లీ లోపలికి వెళ్లి తన బొంత తెచ్చాడు. మీరా తన చేత్తో ఏకి, గురువుకోసం కుట్టిన బొంత అది. ఏడు శేర్ల పత్తి. దాన్ని మీరా భుజాలమీద కప్పి, మెడ కింద దోపి, ఎదురుగా కూర్చున్నాడు.

"ఎందుకు తాతా?"

"చలేస్తుందేమోనని."

గురువు కప్పిన బొంతను తీసేయడానికి చేతులు రాలేదు. మీరా కూర్చున్నాడు. కాసేపటికి చెమట మొదలైంది. నుదుటినుంచి కారి, గడ్డం దాటి, చొక్కాను తడిపి నేలమీదకు చేరింది. దాన్ని ఎండబెడితే రెండు బస్తాల ఉప్పు తేలేది. అతను కొంచెం వెనక్కి జరిగాడు. తాత కుంపటిని కొంచెం దగ్గరికి జరిపాడు. మీరా ఇంకొంచెం జరిగాడు. కుంపటీ వచ్చింది. తాత మొహంలో కోపం లేదు, నవ్వూ లేదు. పసిబిడ్డకు గుగ్గిలం పొగ వేసే అమ్మమ్మలో ఉండే శ్రద్ధ ఉంది.

ఇక జరగడానికి చోటు లేక, మీరా వసారా చివరి స్తంభానికి వీపు ఆనించాడు. నోరు తెరుచుకుని గాలికోసం మెడ పక్కకు తిప్పాడు.

అక్కడినుంచి తడిక లోపల కనబడుతోంది. నడుమన దీపం కింద ఒక్క పిల్ల లేదు. పన్నెండూ అంచులకు వెళ్లి, వెదురుకు వీపులు ఆనించి, రెక్కలు ఎడంగా పెట్టుకుని, ముక్కులు తెరుచుకుని నిలబడి ఉన్నాయి.

తాత లేచాడు. బొంత తీసి మడతపెట్టాడు. కుంపటి పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

మీరా చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత వెళ్లి తాడును రెండు ముడులు పైకి ఎత్తాడు. పిల్లలు కీచుమంటాయేమోనని ఎదురుచూశాడు. అవి అరవలేదు. ఒకటొకటిగా అంచు వదిలి తడికంతా పరుచుకున్నాయి. గోధుమరంగుది మూకుడు దగ్గరికి వెళ్లి నీళ్లు తాగి, ఒళ్లు దులుపుకుంది.

ఆ తర్వాత ముడి మార్చడానికి తాత రాలేదు. వారం తిరగగానే మీరాయే మార్చేవాడు. తడికనూ రోజుకు మూరెడు వెడల్పు చేసేవాడు. ఈకలు వచ్చాయి. రెక్కలు వచ్చాయి. ఒక పుంజుపిల్ల తడిక అంచుకు ఎగిరి నిలబడి, రాజ్యాలన్నీ తనవే అన్నట్టు చూడటం మొదలుపెట్టింది. తాడు ఐదో ముడికి చేరింది.

ఒక తెల్లవారుజామున మీరా పాకలోంచి వచ్చేసరికి వసారా చీకటిగా ఉంది. బల్బు వెలగడం లేదు. స్విచ్చి నొక్కి చూశాడు, వెలగలేదు. అప్పటికే పొయ్యి దగ్గరున్న జాన్‌బీ, అర్ధరాత్రే కరెంటు పోయిందని చెప్పింది. అంత మంచు తన జన్మలో చూడలేదనీ, బావిలో నీళ్లు కత్తితో కోసి తెచ్చుకోవలసి వచ్చిందనీ కూడా చెప్పింది.

మీరా గబగబా వెళ్లి తడికమీదికి వంగాడు. ఒక్కటీ గుంపు కట్టలేదు, ఒక్కటీ వణకలేదు. పన్నెండూ దూరం దూరంగా, ఎక్కడివక్కడ, తలలు రెక్కల్లో దోపుకుని నిద్రపోతున్నాయి.

కరెంటు ఇంకో గడియలో వస్తుంది. బల్బు మళ్లీ వెలుగుతుంది. దీపం లేకుండానే అవి హాయిగా నిద్రపోయిన సంగతి అతనికి తప్ప ఎవరికీ తెలియదు. మీరా తడిక పక్కన కూర్చుని మంచు పలచబడేదాకా వాటిని చూశాడు. తర్వాత లేచి, మేకు నుంచి తాడు విప్పి, బల్బును తీసి గుడ్డలో చుట్టాడు.

తాత నమాజు ముగించుకుని వచ్చేదాకా గుమ్మంలో నిలబడ్డాడు.

"వాటికి దీపం అక్కర్లేదు తాతా," అన్నాడు.

తాత తల ఊపాడు. జాన్‌బీని పిలిచి, దారికి అన్నం మూట కట్టమన్నాడు. ఆమె కట్టింది. ఆ మూట మొయ్యడానికి ఎడ్లబండి కావాలి. కడుతూ ముక్కు చీదుకుంది, పొగ అంది.

మీరా వెళ్లి తాత పాదాలు తాకాడు. పైకి లేవబోయి ఆగాడు.

"మళ్లీ ఎప్పుడు రమ్మంటారు తాతా?"

బురాను తాత అతని చొక్కామీద అంటుకున్న చిన్న ఈకను రెండు వేళ్లతో తీసి గాలికి వదిలాడు.

"చలేసినప్పుడు," అన్నాడు.