నక్క ఇంటి పెళ్లి ఫోటోలు

అడవిలో ఏ పెళ్లి జరిగినా, ఏ బారసాల జరిగినా ఫోటోలు తీసేది వాగు ఒడ్డున ఉన్న స్టూడియోవాళ్లే. ఆ స్టూడియో పెద్ద చుక్కమ్మ అనే మేక. మెడ సాచి గుంపు మీదనుంచి ఫోటోలు తీసేవాడు ధవళయ్య కొంగ. చెట్టెక్కి కొమ్మల్లోంచి తీసేవాడు చిట్టిరాజు ఉడుత. అందరూ పనిమంతులే. కాకపోతే ఎవరు తీసిన ఫోటోలు వాళ్ల దగ్గరే దాచుకునేవాళ్లు. అక్కడే వచ్చింది తంటా.

మొన్న కుందేళ్ల పెళ్లిలో తాళి కట్టే ఫోటో ఏదంటే ధవళయ్య, చిట్టిరాజు దగ్గరుందన్నాడు. చిట్టిరాజు, ధవళయ్య దగ్గరుందన్నాడు. తీరా చూస్తే ఇద్దరి దగ్గరా లేదు. పెళ్లికూతురు ఏడ్చిన ఏడుపుకి చుక్కమ్మకి మేతే సయించలేదు. ఇప్పుడు చేతిలో కాకుల పెళ్లి ఫోటోలున్నాయి. ఇవీ పోగొడితే ఇక స్టూడియోకి తాళం వేసుకోవాల్సిందే. అందరి ఫోటోలూ ఒక్కచోట పెట్టుకునే సాఫ్ట్‌వేర్ ఏదైనా తీసుకోవాలని ఆవిడ గట్టిగా అనుకుంది.

ఆ కబురు అందడమే ఆలస్యం, సాఫ్ట్‌వేర్లు అమ్మే జంబన్న నక్క ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని దిగిపోయాడు.

"చూడు చుక్కమ్మక్కా, మీ ఫోటోలన్నీ ఇందులో ఎక్కించేయండి. ఏనుగు కావాలా? ఇదిగో ఏనుగు. నెమలి కావాలా? ఇదిగో నెమలి! పైగా ఒకేలా ఉన్నవాటిని అదే ఏరి పారేసి ఒక్కటే ఉంచుతుంది. ఎంత చోటు మిగులుతుందో!"

చిట్టిరాజు తోక నిక్కబొడుచుకుంది. "అక్కా, తీసేసుకుందాం! కాకుల పెళ్లి ఇప్పుడే ఎక్కించేస్తా."

"చేప దానంతట అదే వచ్చి నోట్లో పడ్డట్టుంది," అన్నాడు ధవళయ్య.

చుక్కమ్మ ఆకు నమలడం ఆపింది. మేక కదా, దేన్నైనా కొస కొరికి చూడందే మింగదు. తెర మీద ఏనుగు, నెమలి, ఎలుగు. ఒకదానికీ ఇంకోదానికీ పోలికే లేదు. మరి కాకుల పెళ్లిలో? పెళ్లికొడుకూ నలుపే, పెళ్లికూతురూ నలుపే, పురోహితుడూ నలుపే.

"ముందు కాపీ తీసి, ఆ కాపీ మీద చూద్దాం జంబన్నా," అంది.

"అయ్యో, కాపీలెందుకక్కా! నమ్మకం లేనివాళ్లు తీసుకుంటారు కాపీలు. పూచీ నాది!"

సరిగ్గా అప్పుడే జంబన్న భార్య తిలకమ్మ వచ్చింది. కిందటి వారం వాళ్లమ్మాయి పెళ్లికి ఫోటోలు తీసింది కూడా ఈ స్టూడియోవాళ్లే.

"మా పిల్ల ఫోటోలు అయ్యాయా వదినా? వియ్యాలవారు ఒకటే అడుగుతున్నారు."

చుక్కమ్మ కళ్లు మెరిశాయి. "సమయానికి వచ్చావు తిలకమ్మా. కాకుల సంగతి తర్వాత చూద్దాం, ముందు మీవే ఎక్కిద్దాం. మీ ఆయన పూచీ ఉండగా కాపీ కూడా దండగ. చిట్టిరాజూ, వీళ్ల ఫోటోలున్న ఆ మెమరీ కార్డు ఇలా తే!"

కార్డు పెట్టారు. బటన్ మీదకి వెళ్లిన జంబన్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"అంటే... అక్కా... మావి కదా... ముందొక కాపీ తీసి పెట్టుకుంటే..."

"నమ్మకం లేనివాళ్లు కదా తీసుకునేది?"

తిలకమ్మ మొగుడి మొహం చూసింది, తెర చూసింది.

"ఏంటీ, ఆ మాయదారి దాంట్లోకా మా పిల్ల పెళ్లి! గొర్రెల పెళ్లి ఎక్కిస్తే చివరికి ఒక్క గొర్రె మిగిలిందని నిన్న అన్నాల దగ్గర పడీపడీ నవ్వింది మీరు కాదూ? మన పెళ్లిలో అందరం నక్కలమే కదండీ! తీయండి చెయ్యి!"

చిట్టిరాజు కిచకిచమన్నాడు. జంబన్న ల్యాప్‌టాప్ మూసి బయటపడ్డాడు. వాగు దాటేదాకా వెనకాల తిలకమ్మ దులుపుడు వినబడుతూనే ఉంది.

చివరికి ముళ్లపంది అమ్మే సాఫ్ట్‌వేర్ తీసుకున్నారు. దానికి తళుకుల్లేవు గానీ, చెప్పనిదే ఒక్క ఫోటో కూడా తీసెయ్యదు. "మీ పిల్లల ఫోటోలు ఎందులో దాచుకున్నావు?" అని చుక్కమ్మ మొట్టమొదట అడిగింది. ఇందులోనే అని ముళ్లపంది తెరిచి చూపించాడు. కాకుల ఆల్బం వేళకి అందింది. అందులో పెళ్లికూతురు ఎవరో కాకులకి తప్ప ఎవరికీ తెలియలేదు గానీ, ఒక్క కాకీ తగ్గలేదు.

అమ్మేవాడు తన ఇంటి పెళ్లి దాచుకోని చోట మనం ఎవరి పెళ్లీ దాచకూడదు.