సగం గులాబీ పువ్వు

అనగనగా ఒక రేవు ఊళ్ళో, నడిబజారులో, ఒక గడియారం స్తంభం ఉండేది. దొరల కాలంలో కట్టిందట. దాని గంట వింటేనే ఊళ్ళో పొయ్యిలు వెలిగేవి. ఇదిగో, దుప్పటి తన్నేయకు. కప్పుకుని విను.

క్రిస్మస్ వచ్చిందంటే ఆ స్తంభం నెత్తిన ఎర్ర కాగితం నక్షత్రం కట్టేవారు. వెదురు బద్దలతో చేసి లోపల లాంతరు పెట్టేవారు. అప్పుడు ఊరంతా దాని కిందకే చేరి పాటలు పాడేది. అంత గుంపులో పిల్లలు తప్పిపోకుండా ఉంటారా? అందుకే తల్లులందరూ ఒకటే మాట నేర్పేవారు. "తప్పిపోతే నక్షత్రం కింద నిలబడు. కదలకు. నేనే వస్తా."

ఆ ఊళ్ళో రాహేలమ్మ అని ఒకామె వలలు అల్లుకుని బతికేది. ఆమెకి ఒక్కతే కూతురు, సువార్త. ఒక క్రిస్మస్‌కి సువార్త తప్పిపోయింది. అమ్మ చెప్పినట్టే స్తంభం కింద నిలబడింది. రాహేలమ్మ వచ్చి కొంగులోంచి గులాబీ పువ్వు తీసింది. అదేనే, పిండిలో అచ్చు ముంచి నూనెలో వేస్తే కరకరలాడుతూ వస్తుందే, అది. విరిచి సగం పిల్లకిచ్చి, సగం తను తింది. ఆ తర్వాతి ఏడు ఆ దొంగపిల్ల కావాలనే తప్పిపోయింది, పువ్వు కోసం! అప్పుడూ సగం సగమే.

మూడోసారి తప్పిపోవడం మాత్రం ఆట కాదమ్మా. ఉప్పెన వచ్చింది. జనాన్ని లారీలెక్కించారు. తల్లి ఒక లారీలో, పిల్ల ఇంకో లారీలో. పిల్లని ఎక్కడో దూరాన అనాథల హాస్టల్లో పెట్టారు. "మీ ఊరేదే?" అని అడిగితే, "గడియారం మీద నక్షత్రం ఉంటుంది" అనేది. ఆ ముక్కతో ఊరు దొరుకుతుందా?

నీళ్ళు తీశాక రాహేలమ్మ తిరిగొచ్చింది. వెతకని చోటు లేదు. ఆ తర్వాత ప్రతి క్రిస్మస్‌కీ కొంగున పువ్వు కట్టుకుని స్తంభం కింద నిలబడేది. కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చూసేది. జుట్టు నెరిసింది గానీ పిల్ల రాలేదు.

అప్పుడు గోరుచుట్టు మీద రోకటిపోటు. రోడ్డు వెడల్పు చేయాలని స్తంభాన్ని పడగొట్టారు. వాళ్ళ చేతులు పడిపోను! మొండి దిమ్మ మిగిలింది. కొత్త బజారులో పెద్ద కరెంటు నక్షత్రం పెట్టారు. ఆ క్రిస్మస్‌కి రాహేలమ్మ దిమ్మ దగ్గరే కూర్చుంటే పాస్టరు గారు వచ్చారు. "రాళ్ళ దగ్గర ఎందుకమ్మా? పిల్ల వస్తే నక్షత్రాన్ని చూసుకునే కదా వస్తుంది" అన్నారు. పాపం, ఆయన మంచికే చెప్పారు. ఆమెకీ నిజమేననిపించి కొత్త నక్షత్రం కిందకి వెళ్ళి నిలబడింది.

సరిగ్గా ఆ సాయంత్రమే సువార్త వచ్చింది. పెద్దదైపోయింది. ఎవరో స్తంభం పాత ఫోటో చూపిస్తే గుర్తుపట్టి రైలెక్కిందట. ఊరికి కొత్తగా వచ్చిన టీ కొట్టతన్ని అడిగింది, "అన్నా, గడియారం స్తంభమేది?"

"ఆ దిమ్మేనమ్మా. మొన్న వానాకాలంలో కొట్టేశారు. నక్షత్రం ఇప్పుడు కొత్త బజారులో కడుతున్నారు."

"వద్దన్నా. మా అమ్మ ఇక్కడే నిలబడమంది" అంది పిల్ల.

నిలబడింది. కదల్లేదు. అక్కడ తల్లీ కదల్లేదు. ఒకే మాట పట్టుకుని ఇద్దరూ రెండు బజార్లలో నిలబడిపోయారు.

తెల్లారగట్ల చర్చి గంట కొట్టింది. ఎవరూ రాలేదు. 'అమ్మ బతికుంటే రాకుండా ఉండదు' అనుకుంది సువార్త. సంచిలోంచి గులాబీ పువ్వు తీసి విరిచి, సగం తింది. సగం దిమ్మ మీద పెట్టింది. రైలెక్కి వెళ్ళిపోయింది. ఏ ఊరో ఎవరికీ చెప్పలేదు.

పొద్దున ఆరాధనకి వెళ్తూ రాహేలమ్మ ఆ సగం పువ్వు చూసింది. చీమలు పట్టి ఉంది. ఒక్క కేక పెట్టి స్టేషనుకి పరుగెత్తింది. పడింది, లేచింది, మళ్ళీ పరుగెత్తింది. రైలు వెళ్ళిపోయింది.

ఆ తర్వాత బతికినన్నాళ్ళూ క్రిస్మస్‌కి ఆ దిమ్మ దగ్గరే నిలబడింది, తన సగం చేత్తో పట్టుకుని. అమ్మ చచ్చిపోయిందనుకున్న పిల్ల మళ్ళీ ఎందుకొస్తుంది? ఇప్పుడా దిమ్మా లేదు. దాని మీంచి బస్సులు పోతున్నాయి.

కలిశారా అని అడగకు. నీకు అబద్ధం చెప్పలేను. నా కొంగు గట్టిగా పట్టుకుని పడుకో.

కథేమో కంచికి,
మనమేమో ఇంటికి,
ఆ పిల్ల ఎక్కడికి?