పాత స్పాంజి

గాజు తొట్టిలో నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబారి పదకొండు రోజులైంది. మౌలాలికి అన్నం సయించడం లేదు.

మౌలాలి నంద్యాలలో ఒక ఆసుపత్రి కాంపౌండరు. సూదులూ కత్తెరలూ మరగబెట్టీ మరగబెట్టీ, ఇంట్లో చెంచా కూడా మరగబెట్టందే ముట్టని మనిషయ్యాడు. అతని గురువు లతీఫ్ సాహెబ్ ఉండేది కర్నూలులో. ఆయన సూఫీ. బతుకుతెరువు మాత్రం చేపల తొట్లు అమ్మడం. ప్రతి గురువారం సాయంత్రం దుకాణం షట్టరు సగం దించి చాపలు పరిస్తే, పది పదిహేనుమంది వచ్చి కూర్చుని కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకునేవాళ్ళు. పదహారేళ్ళుగా మౌలాలి బస్సెక్కి అక్కడికి వెళుతున్నాడు.

ఈ ఏడు గురువే అన్నాడు. "ఇంక మీ ఊర్లోనే పెట్టుకో మౌలాలీ. నీ ఇంటి ముందర గది సాలు. నీళ్ళలో మొక్కలు పెరిగే గాజు తొట్టి ఒకటి పెట్టు. నీళ్ళు తేటపడినాక కబురు చెయ్. నేనే వచ్చి చేపలు వదుల్తా. ఆ దినం నుంచి గురువారం కూటమి నీది."

మౌలాలి ఆ మాట నలుగురికీ చెప్పుకున్నాడు. చెప్పుకున్నాక నీళ్ళు తేటపడక తప్పదు కదా. నీళ్ళు ఆ సంగతి పట్టించుకోలేదు.

అతను చెయ్యని పని లేదు. ఇసక ఏడుసార్లు కడిగాడు. మొక్కల్ని ఆకు ఆకూ తుడిచి నాటాడు. నీళ్ళు తెల్లబడగానే సగం తోడేసి కొత్తవి పోశాడు. ఒక పూట బాగుండి మళ్ళీ తెల్లబడ్డాయి. మళ్ళీ తోడాడు. ఫిల్టరులోని స్పాంజిని రోజూ తీసి, మరిగే నీళ్ళలో ఉడికించి, పిండి, మళ్ళీ పెట్టాడు.

అలవాటు కోసమని నెల ముందే ముందు గదిలో మొదలుపెట్టిన గురువారాలు కూడా అలాగే నడుస్తున్నాయి. వచ్చేవాళ్ళంతా కొత్తవాళ్ళు. ఇన్సూరెన్సు ఏజెంటుకి సందేహాలు ఎక్కువ. లెక్కల మాస్టారి దగ్గర జవాబులు ఎక్కువ. ముందు వరసలో ఎవరు కూర్చోవాలన్నది ఒక తగువు. గంటసేపు కూర్చుంటే అందులో నిమిషం నిశ్శబ్దం ఉండేది కాదు. మౌలాలి నియమాలు రాసి గోడకి అంటించాడు. స్నానం చేసి రావాలి, ఉతికిన బట్టలు కట్టుకోవాలి, బీడీ సిగరెట్లు కాల్చేవారు రాకూడదు.

చివరి నియమం పీరయ్య వల్ల వచ్చింది. పీరయ్య పరుపులు కుట్టే ముసలాయన. పదహారేళ్ళ కిందట మౌలాలిని మొదటిసారి కర్నూలు తీసుకెళ్ళింది ఆయనే. మొదటి గురువారం తలలో దూదీ, ఒంటి మీద బీడీ వాసనా పెట్టుకుని వచ్చి మూలన కూర్చున్నాడు. కొత్తవాళ్ళు ముక్కు మీద చెయ్యి వేసుకోవడం మౌలాలి చూశాడు.

"బీడీ మానుకోని రా పీరన్నా," అన్నాడు బయటికి పిలిచి.

"అట్లే తమ్ముడూ," అని పీరయ్య చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మౌలాలికి కాసేపు మనసు కలుక్కుమంది. తర్వాత గదిలో వాసన పోయింది కదా అని సర్దుకున్నాడు.

పదకొండో రోజు గురువారం. పొద్దున్నే సీసాలో తొట్టి నీళ్ళు పట్టుకుని మౌలాలి కర్నూలు వెళ్ళాడు. దుకాణంలో గురువుగారి పాత తొట్టి ఉంది, పన్నెండేళ్ళది. నీళ్ళున్నాయా లేవా అన్నంత తేటగా ఉంది. దాని పక్కన తన సీసా పెట్టడానికి అతనికి సిగ్గేసింది.

"స్పాంజి ఏం చేస్తాండావు?" అడిగాడు లతీఫ్ సాహెబ్.

"దినామూ ఉడకబెడతాండా హజ్రత్. కొత్తదాని మాదిరి ఉంది."

ఆయన పాత తొట్టిలోంచి నల్లగా జిగురు పట్టిన స్పాంజి ఒకటి తీసి, చేపలు కట్టిచ్చే కవరులో కాసిని నీళ్ళు పోసి అందులో వేశాడు. "పా, మీ ఊరికి పోదాం," అన్నాడు.

మధ్యాహ్నం బస్సులో కవరు మౌలాలి చేతిలో ఉంది. చెరువు అడుగు బురద వాసన. రెండు గంటలూ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకునే కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక లతీఫ్ సాహెబ్ చొక్కా చెయ్యి పైకి మడిచి, ఆ స్పాంజిని తొట్టిలో ముంచి పిండాడు. మురికి తాళ్ళు తాళ్ళుగా దిగింది. తెల్లటి నీళ్ళు మురిక్కాలవ నీళ్ళయ్యాయి. మౌలాలి గుమ్మం వైపు చూశాడు.

"జనాలు వచ్చే పొద్దయింది హజ్రత్," అన్నాడు.

ఆయన ఇంకోసారి పిండాడు. ఉడికిన స్పాంజిని తీసేసి దీన్ని ఫిల్టరులో పెట్టాడు.

"దీన్ని కడగొద్దు. నీళ్ళు మార్చొద్దు."

"ఇంత మురికా హజ్రత్?"

"పన్నెండేళ్ళుగా నా నీళ్ళు తేటగా పెట్టింది ఇదే. ఈ జిగురులోని కంటికి కనపడని జీవాలే నీళ్ళు తేటపరిచేది, ఉడకబెడితే సస్తాయి."

చెయ్యి తుడుచుకుంటూ ఆయన గోడ మీది నియమాలు చదివాడు. చివరిదాకా చదివాడు.

"పీరయ్య కనపల్లేదే?"

మౌలాలి చెప్పాడు. గురువు ఆ సాయంత్రం అందరితోపాటు కూర్చుని ఏజెంటు సందేహాలూ, మాస్టారి జవాబులూ అన్నీ విని, చేపల ఊసెత్తకుండా బస్సెక్కాడు.

తొట్టిని ముట్టకుండా ఉండటం మౌలాలికి ప్రాణం మీదికొచ్చింది. శనివారానికి మురికి అడుక్కి దిగింది. ఆదివారం తెలుపు పలచబడింది. సోమవారం పొద్దున లేచి చూస్తే వెనక గోడ మీది సున్నం పెచ్చు కూడా నీళ్ళలోంచి కనిపించింది.

ఫోను చేతిలోకి తీసుకున్నాడు. ఆ గోడ మీదే నియమాల కాగితం ఉంది. చాలాసేపు అటే చూసి ఫోను పక్కన పెట్టేశాడు.

గురువారం మధ్యాహ్నం పరుపుల అంగడికి వెళ్ళాడు. పీరయ్య అతన్ని చూడగానే బీడీ వెనక్కి దాచాడు.

"ఈ పొద్దు గురువారం అన్నా."

"ఇంకా మానలేదు తమ్ముడూ. మాననీకి చూస్తాండా."

"నేను మరగబెట్టింది సాలు. నువ్వు రా అన్నా," అన్నాడు మౌలాలి.

సాయంత్రం పీరయ్య వచ్చి అదే మూలన కూర్చున్నాడు. గోడ మీద కాగితం లేదు. ఆయన ఎవర్నీ ఏమీ అనలేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, దూది తలతో, కళ్ళు మూసుకున్నాడు. ఏజెంటు ఒక సందేహం మధ్యలో ఉన్నాడు. ఆయన వైపు చూసి గొంతు తగ్గించాడు. ఇంకాసేపటికి ఆపేశాడు. మాస్టారు జవాబు చెప్పడం మర్చిపోయాడు. ఆ గదిలో ఫిల్టరు బుడబుడ శబ్దం మొదటిసారి వినిపించింది.

అందరూ వెళ్ళాక మౌలాలి కర్నూలుకి ఫోన్ చేశాడు.

"నీళ్ళు తేటపడినాయి హజ్రత్."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

"సరే," అన్నాడు లతీఫ్ సాహెబ్. "వచ్చే గురువారం చేపలు తెస్తా."